తుపాకీకి లైఫ్‌టైమ్ వారంటీ అన్నారు, ఇంతకీ ఎవరి లైఫ్‌టైమ్?

గోదారి_గట్టు (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు నా సమస్యే రాయాల్సి వచ్చింది.

రెండేళ్ల క్రితం నాతో పనిచేసిన ఒకాయన కుటుంబంతో సహా హైదరాబాద్ వెళ్లిపోతూ తన 9 ఎం.ఎం. పిస్టల్ నాకు అమ్మారు. ఇద్దరం టెక్సాస్ వాళ్లమే, నాకు గ్రీన్‌కార్డు ఉంది, అమ్మకంలో చిక్కేమీ రాలేదు. పెట్టె, మాన్యువల్, తూటాలు నింపే మ్యాగజైన్లు రెండు అన్నీ ఇచ్చారు. పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో లైఫ్‌టైమ్ వారంటీ అని ఉంది. ఆ మాట చూసే ధైర్యంగా తీసుకున్నాను.

పోయిన ఆదివారం షూటింగ్ రేంజ్ నుంచి వచ్చి తుడుస్తుంటే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే లోహపు భాగం) మీద, ఖాళీ తూటా బయటికి ఎగిరే కిటికీ కింది మూలలో వెంట్రుక లాంటి గీత కనబడింది. నూనె మరక అనుకుని గుడ్డతో రుద్దాను, పోలేదు. గోరు పెట్టి లాగితే గోరు ఆగింది. ఫ్లాష్‌లైట్ ఏటవాలుగా పట్టుకుని చూస్తే పావు అంగుళం పొడవున పగులు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. సీరియల్ నంబరు తీసుకుంది, తర్వాత "మొదట కొన్నది మీరేనా?" అని అడిగింది. కాదన్నాను. వారంటీ మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుందని చెప్పింది. పెట్టె మీద ఆ ముక్క లేదు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఇంకా మాట్లాడుతున్నాను కాబట్టి.

నా ప్రశ్న ఒక్కటే. లైఫ్‌టైమ్ అంటే తుపాకీ బతికున్నంత కాలం కాదా?

---

టెక్సాస్_తాతయ్య (హ్యూస్టన్)

బాబూ, వారంటీ సంగతి తర్వాత. ముందు ఆ పిస్టల్ పేల్చడం ఆపు. మ్యాగజైన్ తీసి, బారెల్ వెనుక తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి పెట్టెలో పెట్టేయి. పగిలిన స్లైడ్ ఇంకో పది రౌండ్లు ఆగుతుందో, వంద ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అది విరిగితే వెనక్కి వచ్చేది నీ ముఖం మీదికే.

ఇక నీ ప్రశ్న. రిటైరయ్యాక పదేళ్లు తుపాకుల దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేశాను. ఈ పేచీ వారానికి ఒకసారైనా చూసేవాణ్ణి. లైఫ్‌టైమ్ అన్న మాటకు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో అర్థం. ఎక్కువమంది ఉద్దేశం "మొదట కొన్న మనిషి దగ్గర ఈ తుపాకీ ఉన్నంత కాలం" అని. ఆ మనిషి అమ్మేసిన రోజే దాని ఆయుష్షు తీరిపోతుంది. నీ మిత్రుడు నీకు తాళం పెట్టె ఇచ్చిన క్షణంలో అదే జరిగింది.

ఇక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటనల కోసం కొన్ని మార్గదర్శకాలు రాసి పెట్టింది. జీవితకాలం అనే మాట వాడితే అది ఎవరి జీవితమో, దేని జీవితమో ప్రకటనలోనే స్పష్టంగా చెప్పాలని అందులో ఉంది. మఫ్లర్‌కు లైఫ్‌టైమ్ అంటే కారు జీవితమా, కారు నీ దగ్గర ఉన్నంత కాలమా అన్న గొడవ లాంటివి చూసే అది వచ్చింది. నీ పెట్టె అడుగునో, మాన్యువల్ చివరి పేజీల్లోనో చిన్న అక్షరాలతో ఆ వివరం ఉండి ఉంటుంది. ఒకసారి చూసి చెప్పు.

---

గోదారి_గట్టు

మీరన్నది నిజమే తాతయ్యగారూ. మాన్యువల్ చివరి నుంచి రెండో పేజీలో ఉంది. పైన "లిమిటెడ్" అన్న మాట కూడా ఉంది, మూత మీద అది లేదు. మొదటి కొనుగోలుదారుకే, బదిలీ కాదు, పదార్థంలోనో తయారీలోనో లోపం ఉంటేనే. ఆ తర్వాత వర్తించనివాటి జాబితా సగం పేజీ ఉంది. రీలోడ్ చేసిన (వాడేసిన తొడుగుల్లో మళ్లీ మందు నింపిన) తూటాలు, మార్పులు చేర్పులు, మామూలు అరుగుదల, తుప్పు, స్ప్రింగులు, పైపూత.

రెండేళ్లుగా ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. శుభ్రం చేసే బొమ్మల దాకా చదివి ఆపేశాను.

---

ఓరుగల్లు_ఓహైయో (కొలంబస్)

అన్నా, మా ఓహైయోలోనే మాన్స్‌ఫీల్డ్‌లో తయారయ్యే హై-పాయింట్ గురించి చెప్పాలి. అమెరికాలో దొరికే చవక పిస్టళ్లలో అది ఒకటి. బరువు ఎక్కువ, చూడటానికి మోటుగా ఉంటుంది, దుకాణాల్లో చిన్నచూపు చూస్తారు. కానీ దాని వారంటీ ఎన్ని చేతులు మారినా తుపాకీ వెంటే వస్తుంది. నువ్వు నాలుగో యజమానివైనా బాగుచేసి పంపుతారు.

ఖరీదు దానికి నాలుగైదింతలు ఉన్నవాటి కాగితం దానికంటే బిగుతుగా ఉంటుంది. అందుకే ధర చూసి వారంటీని ఊహించుకోవద్దని కొత్తగా కొనేవాళ్లకు చెబుతుంటాను.

---

రేంజ్_మిత్ర (షార్లెట్, నార్త్ కరోలినా)

ఓరుగల్లు అన్న మాట నిజం. కొన్ని ఉదాహరణలు.

గ్లాక్‌కు అమెరికాలో రాతపూర్వకంగా ఇచ్చేది ఒక్క ఏడాది. నమ్మకానికి పేరుపడ్డ పిస్టల్ అది, పోలీసు శాఖలు వేలల్లో వాడతాయి, కానీ జీవితకాలం అన్న మాటే ఎత్తరు. స్మిత్ అండ్ వెసన్ చాలా ఏళ్లు ఏడాది వారంటీ, దానికి తోడు హ్యాండ్‌గన్‌లకు మొదటి కొనుగోలుదారుకు జీవితకాల సర్వీస్ పాలసీ అని విడిగా ఇచ్చింది. వారంటీ, సర్వీస్ పాలసీ ఒకటి కావు. జనం రెండూ కలిపేసి "స్మిత్‌కు లైఫ్‌టైమ్ వారంటీ" అంటుంటారు.

బ్రెజిల్ కంపెనీ టారస్ ఒకప్పుడు యజమాని ఎవరన్నది చూడకుండా ఎప్పుడైనా ఉచితంగా బాగుచేస్తామని గొప్పగా ప్రకటించుకునేది. తర్వాత కొత్త తుపాకులకు దాన్ని మొదటి కొనుగోలుదారుకు కుదించింది. కాబట్టి పదిహేనేళ్ల క్రితం మీ బావగారు చెప్పిన మాట ఈరోజు కొన్నదానికి చెల్లదు.

అన్నిటికంటే నాకు వింతగా అనిపించేది రూగర్. వాళ్లు వారంటీ కాగితమే ఇవ్వరు. ఎందుకు ఇవ్వడం లేదో మాన్యువల్‌లో ఒక పేరా రాస్తారు. చట్టం వారంటీ ఇచ్చి తీరాలని అనడం లేదు, ఇస్తే మాత్రం ఫుల్లా లిమిటెడా అని పేరు పెట్టి నిబంధనలన్నీ పాటించాలంటోంది, అందుకని మేము ఏదీ ఇవ్వడం లేదు, కానీ మా తుపాకులకు సర్వీస్ చేస్తూనే ఉంటాం అని దాని సారాంశం. ఆచరణలో వాళ్ల సర్వీస్‌కు మంచి పేరుంది. 2017 జూన్‌లో మార్క్ 4 పిస్టళ్లలో సేఫ్టీ లోపం బయటపడ్డప్పుడు వాళ్లే ప్రకటించి, వెనక్కి పిలిచి ఉచితంగా మార్చారు.

నేను కొనేటప్పుడు కాగితం కంటే ఆ చరిత్రకే ఎక్కువ విలువ ఇస్తాను.

---

వైజాగ్_విక్కీ (శాన్ ఆంటోనియో)

చరిత్ర, మంచితనం అంటూ మనమే వాళ్లకు వకాల్తా పుచ్చుకుంటున్నాం. మూత మీద లైఫ్‌టైమ్ అని అచ్చేసి లోపల కాదనడం మోసం. గోదారి అన్నయ్య కేసు వెయ్యాలి. తుపాకుల కంపెనీల మీద కేసు వెయ్యకూడదని ఏదో చట్టం ఉందట కదా, అందుకే వాళ్లకు భయం లేదు.

---

ఎడిసన్_అక్క (న్యూజెర్సీ)

విక్కీ, కోపం అర్థమైంది. లాయర్ ఆఫీసులో కాగితాలు తయారుచేసేదాన్ని, లాయర్‌ను కాను. తెలిసినంతలో చెబుతాను.

నువ్వన్న చట్టం 2005 నాటిది. ఎవరో నేరగాడు తుపాకీ వాడి నేరం చేస్తే దానికి తయారీదారును బాధ్యుణ్ణి చెయ్యకూడదని ప్రధానంగా దాని ఉద్దేశం. కొనుగోలుకు సంబంధించిన ఒప్పందాన్ని, వారంటీని ఉల్లంఘించారని వేసే కేసులకు అందులోనే మినహాయింపు ఉంది. కాబట్టి వారంటీ విషయంలో ఆ చట్టం అడ్డురాదు.

మనకు పనికొచ్చేది 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం. రేంజ్_మిత్ర చెప్పిన రూగర్ పేరా ఈ చట్టం గురించే. దీని ప్రకారం రాతపూర్వక వారంటీకి ఫుల్ అనో లిమిటెడ్ అనో పేరు పెట్టాలి. ఫుల్ అని పెడితే గడువు ఉన్నంత కాలం వస్తువు ఎవరి చేతిలో ఉన్నా వర్తించాలి, కొన్నిసార్లు ప్రయత్నించినా బాగుకాకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి లేదా కొత్తది ఇవ్వాలి. అంత బరువు ఎత్తుకోవడం ఇష్టం లేకే దాదాపు అందరూ లిమిటెడ్ అని రాస్తారు. గోదారి తమ్ముడి మాన్యువల్‌లో ఉన్న ఆ ఒక్క మాట వెనుక ఇంత కథ ఉంది.

ఇంకో సంగతి. కాగితంలో ఏమున్నా, అమ్మిన వస్తువు దాని మామూలు పనికి పనికిరావాలన్న అలిఖిత హామీ రాష్ట్రాల చట్టాల్లో ఉంటుంది. రాతపూర్వక వారంటీ ఇచ్చిన కంపెనీ ఆ అలిఖిత హామీని పూర్తిగా కొట్టిపారేయకూడదు, లిమిటెడ్ అయితే కాలపరిమితి మాత్రం పెట్టవచ్చు. అయితే ఇలాంటి దావాకు సాధారణంగా వస్తువు చేతికి వచ్చిన రోజు నుంచి నాలుగేళ్లే గడువు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఇది ఎంతవరకు పనికొస్తుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కేసు గెలిస్తే లాయర్ ఫీజు కూడా కంపెనీ నుంచి ఇప్పించే వీలు ఈ చట్టంలో ఉంది. కానీ ఒక స్లైడ్ కోసం కోర్టుకెక్కమని నేను చెప్పను. ముందు ఉత్తరం రాయి తమ్ముడూ. ఫోన్‌లో మాట్లాడినావిడ ముందున్న తెరలో మొదటి యజమానా కాదా అన్న గడి ఒకటి ఉంటుంది, అంతే. ఫొటోలతో రాస్తే వేరే మనిషి చూస్తారు.

---

మానేరు_తీరం (ఫీనిక్స్)

మార్పులు చేర్పుల గురించి కూడా చెప్పు అక్కా. వేరే కంపెనీ ట్రిగ్గర్ బిగిస్తే వారంటీ మొత్తం పోయినట్టేనా?

---

ఎడిసన్_అక్క

మొత్తం పోదు. మా బ్రాండు విడిభాగాలే వాడాలి, లేకపోతే వారంటీ రద్దు అని షరతు పెట్టడాన్ని ఆ చట్టమే నిషేధించింది, ఆ భాగాలు ఉచితంగా ఇస్తే తప్ప. 2022లో హార్లీ-డేవిడ్‌సన్, వెబర్ లాంటి కంపెనీల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇదే విషయంలో చర్య తీసుకుంది. మోటార్‌సైకిల్‌కైనా గ్రిల్లుకైనా తుపాకీకైనా సూత్రం ఒకటే.

కానీ నువ్వు బిగించిన భాగం వల్లే చెడిపోయిందని తేలితే బాగుచెయ్యనక్కర్లేదు. ట్రిగ్గర్ మార్చి, తర్వాత ట్రిగ్గర్ సమస్య అంటే ఎవరు ఒప్పుకుంటారు? అదే పిస్టల్‌లో గురి చూసే ముందు సైట్ ఊడిపోతే ఆ ట్రిగ్గర్‌ను సాకుగా చూపకూడదు.

---

టెక్సాస్_తాతయ్య

అక్క చెప్పింది చట్టం. కౌంటర్ దగ్గర చూసింది నేను చెబుతాను. బాగుకు పంపిన తుపాకీ తిరిగొచ్చేటప్పుడు చాలావరకు ఫ్యాక్టరీ భాగాలతోనే వస్తుంది. రెండు వందల డాలర్లు పెట్టి కొన్న ట్రిగ్గర్ ఏమైందంటే సంచిలో వేసి ఇచ్చేవాళ్లు కొందరు, ఇవ్వనివాళ్లు కొందరు. పైన బిగించిన రెడ్‌డాట్ (గురి చూసే పరికరం), లైటు, నీకు నచ్చిన గ్రిప్పు అన్నీ విప్పి ఇంట్లో పెట్టుకుని పంపాలి. తూటా ఒక్కటి కూడా పెట్టెలో ఉండకూడదు.

---

మానేరు_తీరం

అడిగినందుకు నా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది.

నాలుగేళ్ల క్రితం ఒక తుపాకుల ప్రదర్శనలో ఒకాయన దగ్గర రీలోడ్ చేసిన 9 ఎం.ఎం. తూటాలు ఐదు వందలు తీసుకున్నాను. చవకగా వచ్చాయి. రేంజ్‌లో రెండో మ్యాగజైన్ నడుస్తుండగా ఒక రౌండ్ సరిగ్గా పేలలేదు. ధన్ అని కాకుండా టప్ అంది, చేతికి కుదుపు తెలియలేదు. స్లైడ్ సగమే వెనక్కి వచ్చింది. నేను దాన్ని చేత్తో లాగి తర్వాతి తూటా ఎక్కించి పేల్చాను.

ఆ టప్ అన్న తూటాలో సరిపడా మందు లేదు. దాని సీసపు గుండు బారెల్ సగంలో ఇరుక్కుని ఉంది. రెండోది వెళ్లి దాన్ని గుద్దింది. రెండూ బయటికి పోయాయి, నాకు ఏమీ కాలేదు, దేవుడి దయ. ఇంటికొచ్చి బారెల్ విప్పి వేలితో తడిమితే మధ్యలో ఉంగరంలా ఉబ్బు తగిలింది. లోపలి నుంచి వెలుతురులోకి చూస్తే నల్లటి వలయం.

కంపెనీకి పంపాను. పది రోజుల్లో ఒక ఫొటోతో జవాబు వచ్చింది. నిలువునా కోసిన బారెల్‌లో ఆ వలయం స్పష్టంగా కనిపించింది. అడ్డంకి వల్ల జరిగిన నష్టం, తయారీ లోపం కాదు, వారంటీ వర్తించదు అన్నారు. కొత్త బారెల్ ధర నేనే కట్టాను. ఆరోజు బాధపడ్డాను గానీ, వాళ్ల మాటలో తప్పు లేదు. ఎవరి గ్యారేజీలో ఎవరు ఎంత మందు పోశారో వాళ్లకేం తెలుసు?

ఎవరికైనా టప్ అని వినబడితే అక్కడే ఆపండి. తుపాకీ ఖాళీ చేసి, బారెల్ విప్పి, అటువైపు వెలుతురు కనబడుతోందో లేదో చూడండి.

---

రేంజ్_మిత్ర

ఇది అందరూ చదవాలి. ఇంకొకటి కలుపుతాను. పెట్టె మీద "ప్లస్ పి" అని ఉండే, మామూలు కంటే ఎక్కువ పీడనంతో పేలే తూటాలకు అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ కొలత పెట్టింది. 9 ఎం.ఎం.కు మామూలు పీడనం పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, ప్లస్ పికి 38,500. "ప్లస్ పి ప్లస్" అని రాసేవాటికి ఆ సంస్థ కొలతే లేదు. అవి వాడితే వారంటీ వర్తించదని కొన్ని మాన్యువళ్లు నేరుగా రాస్తాయి.

గోదారి గారూ, మీ స్లైడ్ పగులుకు, వెనక్కి వెళ్లిన స్లైడ్‌ను ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ కూడా కారణం కావచ్చు. ఎన్ని వేల రౌండ్లకు మార్చాలో మాన్యువల్ చెబుతుంది. స్ప్రింగ్ బలం తగ్గితే స్లైడ్ ప్రతిసారీ వెళ్లి ఫ్రేమ్‌ను (పిడి ఉన్న కింది భాగాన్ని) బలంగా కొడుతుంది. మీ మిత్రుడు ఎన్ని రౌండ్లు పేల్చారో అడిగారా?

---

గోదారి_గట్టు

అడిగాను. మియాపూర్ నుంచి నిన్న రాత్రి వీడియో కాల్ చేశారు. సుమారు మూడు వేలు అన్నారు. నావి పద్దెనిమిది వందలు. స్ప్రింగ్ ఇద్దరిలో ఎవరమూ మార్చలేదు. రీలోడ్‌లు ఎప్పుడూ వాడలేదు, ఇద్దరివీ దుకాణంలో కొన్న మామూలు తూటాలే.

పాత మెయిల్‌లో కొన్నప్పటి రసీదు దొరికిందని పంపారు. "నా పేరు మీదే పంపించు, నేనే మొదటి యజమానిని కదా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

---

టెక్సాస్_తాతయ్య

ఆ పని చెయ్యకు బాబూ. ఒకటి, అది అబద్ధం. రెండు, బాగుచేసిన తుపాకీ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వాళ్లకే తిరిగి పంపాలన్నది ఇక్కడి ఫెడరల్ చట్టంలోని వీలు. దాని వల్లే నువ్వు కంపెనీకి నేరుగా పంపవచ్చు, వాళ్లు నీ ఇంటికే నేరుగా పంపవచ్చు, మధ్యలో దుకాణం అక్కర్లేదు. బాగుచెయ్యడం కుదరక అదే రకం, అదే నమూనా కొత్తది ఇచ్చినా నేరుగా పంపవచ్చు. వేరే నమూనా ఇస్తే మాత్రం దుకాణం ద్వారా ఫారం నింపి తీసుకోవాలి. ఆ కాగితాల్లో దేశంలోనే లేని మనిషి పేరు రాస్తే లేనిపోని టెన్షన్. కొన్ని రాష్ట్రాల్లో, నగరాల్లో నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి.

రసీదు మాత్రం దాచుకో. తుపాకీ వయసు చెప్పడానికి పనికొస్తుంది. పార్సిల్ కూడా నువ్వే కౌంటర్‌కు మోసుకెళ్లకుండా, కంపెనీ పంపే లేబుల్‌తోనే పంపు. పెద్ద కొరియర్లు మామూలు మనుషుల దగ్గర నేరుగా తుపాకులు తీసుకోవడం మానేశాయి.

మీది స్లైడ్ కాబట్టి ఒక తేలిక ఉంది. ఇక్కడి చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న ఫ్రేమే. స్లైడ్ ఒక విడిభాగం. ఫ్రేమ్ పగిలితే మొత్తం మార్చాలి, సాధారణంగా నంబరు కూడా మారుతుంది.

---

కొత్త_కోవెల (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ నమస్తే. మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను హెచ్-1బి మీద ఉన్నాను. మా రూమ్మేట్ గ్రీన్‌కార్డు మనిషి, తన పిస్టల్ నాకు అమ్ముతానంటున్నాడు. వారంటీ బదిలీ అవుతుందా అని వెతుకుతూ ఇక్కడికి వచ్చాను.

---

ఎడిసన్_అక్క

చెల్లీ, వారంటీ మాట పక్కన పెట్టి ముందు ఇది చదువు. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇందులో చిన్న పొరపాటు జరిగినా వీసా, భవిష్యత్తు రెండూ పోతాయి. నీ కాగితాలు చూసే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. అమ్మేవాడికి కూడా ప్రమాదమేనని మీ రూమ్మేట్‌కు చెప్పు.

---

కొత్త_కోవెల

నాకు ఈ సంగతి అసలు తెలియదు అక్కా. ఈరోజే తనకు చెబుతాను. చాలా థ్యాంక్స్.

---

పాలమూరు_బిడ్డ (మహబూబ్‌నగర్)

మీ చర్చ చదువుతుంటే మా తాత డబుల్ బ్యారెల్ గుర్తొచ్చింది. ఊళ్లో అడవి పందుల బెడదకు లైసెన్సు తీసుకున్నాడు. మన దగ్గర తుపాకీ కొనాలన్నా, బాగుచేయించాలన్నా ఎక్కువగా లైసెన్సున్న డీలరే దిక్కు. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో జమచేసి చీటీ తీసుకోవాలి. ఒకసారి ఘోడా స్ప్రింగ్ విరిగితే హైదరాబాద్ తీసుకెళ్లి బాగుచేయించాడు, నాకు పదేళ్లు, వెంట వెళ్లాను. వారంటీ అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఏటా దసరాకు ఆయుధపూజ చేసి కొబ్బరినూనె కాదు, మిషన్ నూనె రాయాలని ఆ రిపేరు చేసిన ముసలాయన చెప్పింది మాత్రం తాత పోయేదాకా పాటించాడు.

---

ఓరుగల్లు_ఓహైయో

పాలమూరు అన్నా, మంచి మాట గుర్తుచేశావు.

కంపెనీ ఆయుష్షు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. రెమింగ్టన్‌ది 1816 నాటి పేరు. రెండు వందల ఏళ్లు నడిచిన సంస్థ 2018లో ఒకసారి, 2020లో మళ్లీ దివాలా తీసింది. రెండోసారి ఆస్తులను ముక్కలు చేసి ఏడుగురికి అమ్మారు. తూటాల వ్యాపారం ఒకరికి, రెమింగ్టన్ తుపాకులు ఇంకొకరికి, మార్లిన్ రైఫిళ్ల పేరు సుమారు 3 కోట్ల డాలర్లకు రూగర్‌కు. పేరు కొన్నారు, యంత్రాలు కొన్నారు. పాత తుపాకుల మీద పాత కంపెనీ ఇచ్చిన వారంటీ వాళ్ల నెత్తిన పడలేదు. దుకాణంలో ఇప్పటికీ రెమింగ్టన్ అన్న పేరే కనబడుతుంది, కానీ 2015లో కొన్న రైఫిల్ కాగితం చూపిస్తే బాధ్యత వహించే మనిషి లేడు.

రెమింగ్టన్ మోడల్ 700 రైఫిళ్లు ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతున్నాయన్న ఆరోపణ మీద దేశవ్యాప్తంగా ఒక క్లాస్ యాక్షన్ (కొన్నవాళ్లందరి తరఫున వేసిన ఉమ్మడి కేసు) రాజీ జరిగింది. దాదాపు 75 లక్షల రైఫిళ్లకు ఉచితంగా ట్రిగ్గర్ మార్చడమో, కొంత డబ్బో ఇస్తామన్నారు. క్లెయిమ్ వేసే గడువు 2020 ఏప్రిల్‌లో ముగిసింది, జూలైలో కంపెనీ దివాలాకు వెళ్లింది. ఆ గడువులో కాగితం పంపనివాళ్ల అల్మారాల్లో ఆ ట్రిగ్గర్లు ఇంకా ఉన్నాయి. వేటకు పోయే మన మిత్రుల్లో ఎవరి దగ్గరైనా పాత 700 ఉంటే మంచి గన్‌స్మిత్‌కు చూపించి, అవసరమైతే సొంత ఖర్చుతోనైనా ట్రిగ్గర్ మార్పించండి. ఇది డబ్బుల సంగతి కాదు.

---

వైజాగ్_విక్కీ

ఇంతమంది దగ్గర లోపం ఉంటే ప్రభుత్వం వెనక్కి పిలిపించదా? కారుకు పిలిపిస్తారు, కుక్కర్‌కు పిలిపిస్తారు.

---

ఎడిసన్_అక్క

తుపాకీని అలా వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి లేదు తమ్ముడూ. 1972లో వినియోగ వస్తువుల భద్రత కోసం ఒక కమిషన్ పెట్టారు. కుక్కర్ మూత, పిల్లల ఊయల, బొమ్మలు అన్నీ దాని కిందికి వస్తాయి. తుపాకులను, తూటాలను ఆ పరిధిలోంచి తప్పించారు. అందుకే తుపాకీ రీకాల్ అంటే కంపెనీ స్వయంగా చేసేదే, లేదంటే కోర్టు కేసుల ఒత్తిడితో జరిగేది. రేంజ్_మిత్ర చెప్పిన టారస్ మీద కూడా అలాంటి కేసు నడిచింది. 2016లో కోర్టు ఆమోదించిన రాజీలో తొమ్మిది నమూనాలు, దాదాపు పది లక్షల పిస్టళ్లు ఉన్నాయి. వాటికి ఇచ్చిన అదనపు వారంటీకి మొదటి యజమానే కావాలన్న షరతు పెట్టలేదు.

కొన్ని కంపెనీలు రీకాల్ అన్న మాటే వాడవు. సిగ్ సావర్ 2017 ఆగస్టులో పి320 పిస్టల్ కిందపడితే పేలే అవకాశం మీద మొదలుపెట్టినదాన్ని "స్వచ్ఛంద అప్‌గ్రేడ్" అంది. ఆ మాట విని చాలామంది అదేదో హంగు అనుకుని పంపలేదు. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి చూసుకోవాలి. ఇలాంటి పనులకు సాధారణంగా మొదటి యజమానా అని అడగరు.

గోదారి తమ్ముడూ, నీ ఉత్తరంలో "వారంటీ" మీద వాదించకు. స్లైడ్ పగిలింది, ఇది భద్రతకు సంబంధించిన విషయం, పరిశీలించండి అని రాయి. సెకండ్‌హ్యాండ్ అని దాచకుండా రాయి.

---

గోదారి_గట్టు (ఆరు వారాల తర్వాత)

అందరికీ ఆలస్యంగా జవాబు రాస్తున్నాను, క్షమించండి.

అక్క చెప్పినట్టే రాశాను. రెండో చేతి కొనుగోలు, రెండు చేతుల్లో కలిపి సుమారు 4,800 రౌండ్లు, స్ప్రింగ్ మార్చలేదు, దుకాణపు తూటాలు మాత్రమే, నాలుగు ఫొటోలు. గోరు ఆగిన చోట పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో కూడా. నాలుగో రోజు సర్వీస్ విభాగం నుంచి వేరే ఆయన ఫోన్ చేశారు. వారంటీ వర్తించదని ఆయనా అన్నారు, కానీ పంపమని లేబుల్ మెయిల్ చేశారు.

నిన్న పార్సిల్ వచ్చింది. కొత్త స్లైడ్ వేశారు, దానికి డబ్బు తీసుకోలేదు. రీకాయిల్ స్ప్రింగ్ మార్చి దానికి 14 డాలర్లు, తిరుగు పార్సిల్ ఖర్చు 35 డాలర్లు నా దగ్గర తీసుకున్నారు. లోపలి కాగితంలో ఒక వాక్యం ఉంది. ఇది కంపెనీ తన ఇష్టంతో చేసిన మరమ్మతు, వారంటీ కింద చేసింది కాదు, ఇకముందు దీన్ని హక్కుగా చూపకూడదు అని. పగులుకు కారణం మాత్రం రాయలేదు. నేను అడిగితే, పాత స్లైడ్ ఇంజినీరింగ్ వాళ్లు ఉంచుకున్నారని చెప్పారు.

---

రేంజ్_మిత్ర

పాత స్లైడ్ ఉంచుకున్నారంటే వాళ్లకూ అందులో ఏదో చూడాలని అనిపించింది. మంచి జరిగింది గోదారి గారూ. స్ప్రింగ్ మార్చిన తేదీ, రౌండ్ల లెక్క మాన్యువల్ మీదే పెన్సిల్‌తో రాసుకోండి.

---

వైజాగ్_విక్కీ

అన్నయ్యా, సంతోషం. కానీ వాళ్లకు దయ కలిగింది కాబట్టి అయింది. ఫోన్ చేసినవాడు ఇంకొకడైతే?

---

టెక్సాస్_తాతయ్య

నిజమే విక్కీ, అది దయే. హక్కు ఉన్నది మొదట కొన్న మనిషికే, అదీ కాగితంలో రాసినంత మేరకే. అందుకే మా దుకాణంలో సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు ఒకటే చెప్పేవాణ్ణి. వారంటీ లేదనుకుని ధర మాట్లాడు. మూత మీద రాత చూసి యాభై డాలర్లు ఎక్కువ ఇవ్వకు.

---

గోదారి_గట్టు

నేను సరిగ్గా అదే చేశాను తాతయ్యగారూ, ఆ మూత చూసే బేరమాడలేదు.

ఈ ఉదయం రేంజ్‌కు వెళ్లి వంద రౌండ్లు పేల్చాను. ప్రతి ఇరవైకి ఆపి, ఖాళీ చేసి, కిటికీ కింది మూలలో ఫ్లాష్‌లైట్ వేసి, గోరుతో లాగి చూశాను. ఎక్కడా ఆగలేదు. లెక్క పెన్సిల్‌తో చివరి నుంచి రెండో పేజీలో, ఆ వారంటీ పేరా పక్కనే రాశాను. మియాపూర్‌కు ఫొటో పంపాను.